పిలుపు కోసం ఎదురుచూసే రోజులు
(పరిశోధన సీటు కోరే తమ్ముళ్ళకు ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసిన రోజున మేము ఒక ఈ-మెయిల్ కోసం ఎదురుచూస్తున్నాం. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు రమ్మనే మెయిల్ అది. చాలా రోజులుగా పొద్దున లేవగానే ఫోన్ తీయడం, చూడడం, పెట్టేయడం ఇదే పని. చేతిలో వేరే విషయం లేదు కాబట్టి దీని గురించే రాస్తున్నాం. రేపు మీలో కొందరికైనా ఈ రోజులు వస్తాయి. అప్పుడు ఇది పనికొస్తే చాలు.

'మేము' అంటే ఎవరో ముందు చెప్పాలి. ఈ హాస్టల్లో పదో తరగతి దాకా ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదివిన నలుగురం. రాసేది ఒకరే గాని మాట నలుగురిదీ. ఆ తర్వాత కాలేజీ హాస్టళ్ళలో ఉండి డిగ్రీ, ఎమ్మెస్సీ పూర్తి చేశాం. ఇద్దరిది బయోకెమిస్ట్రీ, ఒకరిది బయోటెక్నాలజీ, ఒకరిది జువాలజీ. నలుగురికీ 23 ఏళ్ళు. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా చూసినవాళ్ళం మేమే మొదలు. కాబట్టి ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు లేదు. దెబ్బ తగిలాకే తెలుసుకున్నాం. ఆ దెబ్బలు మీకు తగలకూడదనే ఈ పాఠం.

1. అసలు ఈ చదువు ఏమిటి?

జీవవైద్య పరిశోధన అంటే రోగం ఎందుకు వస్తుంది, శరీరంలో ఏ అణువు ఎక్కడ దారి తప్పుతుంది, దాన్ని ఎలా సరిచేయాలి అని ప్రయోగశాలలో వెతకడం. ఎంబీబీఎస్ చదివిన డాక్టరు రోగికి మందు ఇస్తాడు. ఆ మందు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళితే చివరకు ఒక ప్రయోగశాల, అందులో రాత్రిళ్ళు మేలుకున్న కొందరు మనుషులు కనబడతారు.

మన తెలుగువారిలోనే ఒక ఉదాహరణ ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. 1923లో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో చేరారు. చేతిలో డబ్బు లేక ఆసుపత్రిలో రాత్రి పూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధన నుంచే బోదకాలు వ్యాధికి వాడే డీఈసీ మందు వచ్చింది. మన ఊళ్ళలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి దగ్గరుండి మింగించిన మాత్ర అదే. మన అవ్వలు, తాతలు మింగిన మాత్ర వెనుక మెట్రిక్ తప్పిన మన మనిషి ఒకాయన ఉన్నాడని తమ్ముళ్ళు గుర్తుంచుకోవాలి.

ఈ చదువులో ఫెలోషిప్‌కు ఎంపికైనవాడికి నెలనెలా డబ్బు ఇస్తారు. ఇది మన ఇళ్ళలో ఎవరికీ తెలియదు. 2023 జనవరి 1 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్ అయ్యాక 42,000 రూపాయలు. హాస్టల్ గది దొరకని వారికి ఇంటి అద్దె భత్యం అదనం. మొదటి విడత డబ్బు చేతికి రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఆ నెలలకు ముందే ఏర్పాటు చూసుకోవాలి.

2. పిలుపు వచ్చే దారులు

ఇంటర్వ్యూ పిలుపు ఊరికే రాదు. దానికి ముందు ఒక రాత పరీక్ష, ఒక దరఖాస్తు ఉంటాయి. ముఖ్యమైన దారులు ఇవి.

(అ) సీఎస్ఐఆర్–యూజీసీ నెట్. మామూలుగా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. లైఫ్ సైన్సెస్ పేపరుకు 200 మార్కులు, మూడు గంటలు. పార్ట్ ఏ లో 20 ప్రశ్నల్లో 15, పార్ట్ బీ లో 50లో 35, పార్ట్ సీ లో 75లో 25 రాయాలి. మొదటి రెండింటిలో ప్రశ్నకు 2 మార్కులు, మూడో దానిలో 4 మార్కులు. తప్పు జవాబుకు పావు వంతు కోత. పార్ట్ సీ లోనే సగం మార్కులున్నాయి కదా! అక్కడ బట్టీ పట్టింది పనికిరాదు, ఆలోచించాలి. 2024 నుంచి నెట్ ఫలితాన్ని మూడు విభాగాలుగా ఇస్తున్నారు. మొదటిది జేఆర్ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత. రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్, పీహెచ్‌డీ ప్రవేశం. మూడోది పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. రెండు, మూడు విభాగాల వారికి ఆ మార్కులు ఒక ఏడాదే చెల్లుతాయి. విశ్వవిద్యాలయాలు వారి విషయంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం లెక్క వేస్తాయి.

(ఆ) గేట్. ఫిబ్రవరిలో జరుగుతుంది. మన వాళ్ళకు లైఫ్ సైన్సెస్, బయోటెక్నాలజీ పేపర్లు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఫీజు సగం.

(ఇ) టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి జీవశాస్త్ర ప్రవేశ పరీక్ష. ముంబయిలోని ఆ సంస్థతో పాటు బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌కు కూడా ఇదే దారి.

(ఈ) విశ్వవిద్యాలయాల సొంత ప్రవేశ పరీక్షలు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం వీటిలో సగం ప్రశ్నలు పరిశోధనా పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద. పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ తదితరులకు 5 శాతం సడలింపు ఉంది.

ఎక్కడికి దరఖాస్తు చేయాలి అంటే ముందు మన గడప దగ్గరే చూడండి. వరంగల్ నుంచి వచ్చే బస్సు ఉప్పల్ దాటాక రోడ్డు పక్కనే సీసీఎంబీ గేటు కనబడుతుంది. 1977లో మొదలైన సంస్థ అది. మేము చిన్నప్పటి నుంచి ఆ గేటు ముందు నుంచే ఎన్నోసార్లు పోయాం. అందులో ఏముందో ఎమ్మెస్సీ దాకా తెలియదు! అదే దారిలో ఇంకాస్త ముందుకు పోతే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్ వచ్చింది. ఉప్పల్ వైపు సీడీఎఫ్‌డీ, గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. బయట చూస్తే బెంగళూరులో ఐఐఎస్సీ, ఢిల్లీలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ, తిరువనంతపురంలో రాజీవ్ గాంధీ బయోటెక్నాలజీ సెంటర్. సీఎస్ఐఆర్ సంస్థల్లో ఏసీఎస్ఐఆర్ ద్వారా జనవరి, ఆగస్టు అని రెండు విడతల ప్రవేశాలు ఉంటాయి. కాబట్టి ఒక విడత పోతే ఏడాది మొత్తం పోయినట్టు కాదు.

3. పిలుపు ఎందుకు ఆలస్యమవుతుంది? ఎందుకు రాదు?

దరఖాస్తు పంపిన మరుసటి రోజు నుంచే మనకు ఆత్రం మొదలవుతుంది. అటువైపు ఏం జరుగుతుందో తెలిస్తే ఆత్రం కొంత తగ్గుతుంది.

సంస్థ ముందు దరఖాస్తులన్నీ తనిఖీ చేస్తుంది. అర్హత లేనివి, పత్రాలు సరిగా లేనివి తీసేస్తుంది. తర్వాత ఆ ఏడాది ఎన్ని సీట్లున్నాయి, ఏ ల్యాబులో ఎవరికి ఖాళీ ఉంది అని చూస్తుంది. దాన్ని బట్టి కటాఫ్ వేస్తుంది. కటాఫ్ ఏడాదికేడాది మారుతుంది. పోయినేడు పిలిచిన మార్కులకు ఈ ఏడు పిలవకపోవచ్చు, అటుది ఇటు కూడా కావచ్చు. కొన్నిచోట్ల అందరికీ ఒకేసారి మెయిల్ పంపరు, విడతలుగా పంపుతారు. కొన్నిచోట్ల మెయిలే పంపరు, దరఖాస్తు నంబర్ల జాబితా వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకుంటారు.

పరీక్షలే వెనక్కి జరిగితే అంతా వెనక్కి జరుగుతుంది. 2024 జూన్ 25 నుంచి జరగాల్సిన సీఎస్ఐఆర్ నెట్‌ను నాలుగు రోజుల ముందు, జూన్ 21న వాయిదా వేశారు. చివరికి జూలై 25 నుంచి 27 వరకు జరిపారు. నెల రోజుల వాయిదా అంటే పట్నంలో గది అద్దెకు తీసుకుని చదివేవాడికి ఇంకో నెల అద్దె, ఇంకో నెల మెస్ బిల్లు. ఇందులో అభ్యర్థి తప్పు ఏమీ లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, పిలుపు రాకపోతే మన వాళ్ళు మొదట అనుకునే మాట 'మనకు అంత తెలివి లేదు' అని. మేమూ అనుకున్నాం. ఆ మాట మనసులో పడితే పుస్తకం తెరవబుద్ధి కాదు. పిలుపు రాకపోవడానికి పది కారణాలుంటాయి, అందులో తెలివి ఒక్కటి. మిగతావాటిలో కొన్ని మన చేతిలోనే ఉంటాయి. అవి ఏమిటో మా అనుభవం నుంచే చెబుతాం.

4. మా గదిలో జరిగిన ఒక నష్టం

మాలో ఒకరికి పిలుపు వచ్చింది. కాని వచ్చిన సంగతి పదకొండు రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి ఇంటర్వ్యూ అయిపోయింది.

ఎలా జరిగిందంటే, డిగ్రీలో చేరేటప్పుడు ఊరి దగ్గర మండల కేంద్రంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో దరఖాస్తు నింపించాడు. మెయిల్ ఐడీ లేదంటే సెంటర్ అబ్బాయే ఒకటి తయారుచేసి పెట్టాడు. పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఫోన్ నంబరు గడిలో సెంటర్ నంబరే వేశాడు. ఐదేళ్ళు అదే ఐడీ అన్ని దరఖాస్తుల్లోనూ నడిచింది. తర్వాత కొత్త ఫోన్ కొన్నాక కొత్త ఐడీ పెట్టుకున్నాడు. కాని పరిశోధన సంస్థ దరఖాస్తులో అలవాటు ప్రకారం పాతదే వేశాడు. పిలుపు పాత ఐడీకి వెళ్ళింది. పాస్‌వర్డ్ చీటీ ఎప్పుడో పోయింది. మార్చుకుందామంటే కోడ్ సెంటర్ నంబరుకు పోతుంది. ఆ సెంటర్ మూసేసి ఏడాదైంది.

ఇందులో ఎవరిని తిట్టాలి? సెంటర్ అబ్బాయి మేలు చేద్దామనే చేశాడు. మా వాడికి చెప్పేవాళ్ళు లేరు. సంస్థకు ఫోన్ చేస్తే అటువైపు అమ్మగారు ఓపిగ్గానే విన్నారు. 'జాబితా వెబ్‌సైట్‌లో కూడా పెట్టాం బాబూ' అన్నారు. అదీ నిజమే. ఆ రాత్రి మా వాడు అన్నం తినలేదు. వాళ్ళ నాయిన మేస్త్రీ దగ్గర కూలి. ఇంటర్వ్యూకు పోయేటప్పుడు వేసుకోవాలని కొడుక్కి బూట్లు కొని పెట్టాడు. ఆ బూట్ల డబ్బా చాలా రోజులు మంచం కిందే ఉంది. ఎవరమూ దాని మాట ఎత్తలేదు.

కాబట్టి తమ్ముళ్ళూ, తొమ్మిదో తరగతిలో ఉన్నవాళ్ళు కూడా ఈ నాలుగు పనులు ఇప్పుడే చేయండి.

ఒకటి, మీ పేరుతో మీరే మెయిల్ ఐడీ తయారు చేసుకోండి. ఇంకెవరితోనూ చేయించవద్దు. పాస్‌వర్డ్ నోటుపుస్తకం చివరి పేజీలో కాదు, ఇంట్లో పెట్టెలో ఉండే సర్టిఫికెట్ల ఫైలులో రాసి పెట్టండి.

రెండు, సిమ్ మారిస్తే ఆ రోజే మెయిల్‌లో నంబరు కూడా మార్చండి.

మూడు, మెయిల్‌లో స్పామ్ అనే అర ఒకటి ఉంటుంది. అక్కడ కూడా చూడండి. మాలో మరొకరి పిలుపు అందులోనే దొరికింది.

నాలుగు, ప్రతి దరఖాస్తుకు నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించండి. సంస్థ పేరు, దరఖాస్తు నంబరు, ఏ మెయిల్ ఇచ్చాం, జాబితా ఎక్కడ పెడతారు, చివరి తేదీ అన్నీ రాయండి. ఈ పేజీ మా వాడి దగ్గర ఉండి ఉంటే ఈ రోజు కథ వేరుగా ఉండేది.

5. ఎదురుచూసే రోజుల్లో చదవవలసినది

రాత పరీక్ష అయిపోగానే పుస్తకాలు కట్టకట్టి పెట్టేవాళ్ళు ఎక్కువ. ఇది పెద్ద పొరపాటు. రాత పరీక్షకు, ఇంటర్వ్యూకు చదివే తీరు వేరు. రాతలో జవాబు నాలుగింటిలో ఒకటిగా ఎదురుగా ఉంటుంది. ఇంటర్వ్యూలో బల్ల అవతల నలుగురైదుగురు శాస్త్రవేత్తలు కూర్చుని 'ఎందుకు?' అని అడుగుతూనే ఉంటారు. మనకు తెలియని చోటు వచ్చేదాకా అడుగుతారు. అక్కడ మనం ఎలా ఆలోచిస్తామో చూడడమే వారి ఉద్దేశం.

మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే, 'మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు గురించి చెప్పండి'. దీనికి రెండు నిమిషాల జవాబు సిద్ధం చేసుకోవాలి. ఏ ప్రశ్నకు జవాబు వెతికాం, ఎందుకు వెతికాం, ఏ పద్ధతి వాడాం, ఏం తేలింది, ఏం తేలలేదు. 'తేలనిది' చెప్పడానికి సిగ్గుపడకండి. తర్వాత వచ్చే ప్రశ్న, 'మీ ప్రయోగంలో కంట్రోల్ ఏమిటి?' ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఉదాహరణకు పీసీఆర్ చేశాం అనుకోండి. డీఎన్ఏ వేయకుండా మిగతావన్నీ వేసిన గొట్టం ఒకటి పక్కన నడపాలి. అందులో కూడా బ్యాండ్ వస్తే మన రసాయనాల్లో ఎక్కడో కల్తీ ఉందని అర్థం. కంట్రోల్ లేని ఫలితం సాక్షి లేని పంచాయితీ లాంటిది.

రెండో రకం చిన్న లెక్కలు. ఇవి తేలికే గాని కంగారులో తప్పుతాయి. ఒక ఉదాహరణ. ఒక మోలార్ ద్రావణం నుంచి 10 మిల్లీమోలార్ ద్రావణం 100 మిల్లీలీటర్లు ఎలా చేస్తారు? ఒక మోలార్ అంటే 1000 మిల్లీమోలార్. పదికి తేవాలంటే వంద రెట్లు పలచన చేయాలి. కాబట్టి 1 మిల్లీలీటరు తీసుకుని నీటితో 100 దాకా నింపాలి. ఇంకొకటి. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ 0.9 శాతం ఉప్పు నీళ్ళు. అది ఎన్ని మిల్లీమోలార్లు? లీటరుకు 9 గ్రాములు. ఉప్పు అణుభారం 58.44. భాగిస్తే 0.154, అంటే 154 మిల్లీమోలార్లు. వెంటనే 'దీనికి బదులు మామూలు శుద్ధనీరు ఎక్కిస్తే?' అని అడుగుతారు. ఎర్ర రక్తకణాల లోపల లవణాల గాఢత ఎక్కువ కాబట్టి బయటి నీరు లోపలికి చొరబడి కణాలు ఉబ్బి పగిలిపోతాయి. ఊళ్ళో సెలైన్ సీసా చూడనివారు ఎవరున్నారు? దాని వెనుక ఉన్న లెక్క చెప్పగలిగితే మంచి మార్కే పడుతుంది.

మూడో రకం ప్రయోగ రచన. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మేము భోజనశాలలో రాత్రి భోజనాల తర్వాత ఒకరినొకరం ఇలా అడుక్కునేవాళ్ళం. 'ఒక హాస్టల్లో పిల్లలు చాలామంది పాలిపోయి, నీరసంగా ఉన్నారు. కారణం ఎలా కనుక్కుంటావు?'

మొదట్లో మా జవాబు 'ఐరన్ మాత్రలు ఇస్తాం' అనే. అది ఊహ మాత్రమే, పరిశోధన కాదు. తర్వాత నేర్చుకున్న జవాబు ఇది. ముందు హిమోగ్లోబిన్ చూడాలి, నిజంగా రక్తహీనతేనా అని. తర్వాత ఎర్ర కణాల పరిమాణం చూడాలి. కణాలు చిన్నవిగా ఉంటే ఇనుము లోపం గాని, థలసీమియా గాని కావచ్చు. పెద్దవిగా ఉంటే ఫోలిక్ ఆమ్లం, బీ12 లోపం అనుమానించాలి. ఇనుము నిల్వ తెలుసుకోవడానికి ఫెరిటిన్ చూడాలి. అయితే ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ దానంతట అదే పెరుగుతుంది. అందుకని సీఆర్‌పీ కూడా చూడాలి. మల పరీక్ష చేసి కొంకి పురుగులున్నాయా చూడాలి. ఏజెన్సీ ప్రాంతం పిల్లలైతే సికిల్ సెల్ తప్పక చూడాలి. బీటా గ్లోబిన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ రావడమే ఆ జబ్బుకు మూలం. విద్యుత్ క్షేత్రంలో ఆ హిమోగ్లోబిన్ వేరుగా కదులుతుందని 1949లో పౌలింగ్ బృందం చూపింది. ఇప్పటికీ ఎలక్ట్రోఫోరెసిస్, హెచ్‌పీఎల్‌సీ పద్ధతులతో దాన్ని పట్టుకుంటారు. పోల్చడానికి అదే వయసు పిల్లలున్న మరో చోటి నుంచి నమూనాలు కావాలి. అన్నిటికన్నా ముందు తల్లిదండ్రుల అనుమతి, సంస్థ నీతి సంఘం అనుమతి.

చూశారా, మన జీవితంలోంచి వచ్చిన ప్రశ్నే! మనం చూసిన రక్తహీనతను పుస్తకంలో మాత్రమే చదివినవాడికన్నా మనమే బాగా చెప్పగలం. మన దగ్గర లేనిది క్రమం. ఆ క్రమాన్ని ఈ ఎదురుచూసే రోజుల్లో నేర్చుకోవచ్చు.

ఇక ఇంగ్లీషు గురించి. మేము పది దాకా తెలుగు మీడియమే. మాకు తెలిసిన విషయం కూడా నోట్లోంచి రాక ఇబ్బంది పడ్డాం. దీనికి మందు ఒకటే, గట్టిగా మాట్లాడడం. రోజూ ఒక అంశం తీసుకుని గోడకు చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మొదటి వారం మన గొంతు మనకే నవ్వొస్తుంది. మూడో వారానికి మాట నిలబడుతుంది. తెలియనప్పుడు 'తెలియదు సార్, కాని ఇలా ఆలోచిస్తాను' అని చెప్పడం నేర్చుకోండి. తెలియదన్న మాటకు ఎవరూ బయటికి పంపరు. తెలిసినట్టు నటిస్తే మాత్రం రెండో ప్రశ్నకే దొరికిపోతాం.

6. ఇంట్లో ఏం చెప్పాలి?

అన్నిటికన్నా కష్టమైన ఇంటర్వ్యూ ఇది.

'కాయితం వచ్చిందా బిడ్డా?' అని అవ్వ ఫోన్లో అడుగుతుంది. రాలేదు అంటే కాసేపు ఏమీ మాట్లాడదు, తర్వాత 'తిన్నవా?' అంటుంది. నాయిన అంత మెత్తగా ఉండడు. 'ఇంకెన్నేండ్లు సదువుతవ్ కొడుకా? మిత్తి పెరుగుతనే ఉన్నది' అంటాడు. ఆయన తప్పు లేదు. అక్క పెళ్ళికి తెచ్చిన అప్పు ఆయన తలమీద ఉంది. కొడుకు చదువు అయిపోయిందని ఊరంతా అనుకుంటోంది.

మేము చాలా రోజులు దాటవేశాం. అది మంచిది కాదని తర్వాత అర్థమైంది. ఒక ఆదివారం ఊరికి పోయి కూర్చుని లెక్క చెప్పాం. పీహెచ్‌డీ అంటే సూదులేసే డాక్టరు కాదు, రోగాల మీద పని చేసే చదువు. నెలకు ఇంత వస్తుంది. ఐదారేళ్ళు పడుతుంది. వచ్చే నెలలోగా పిలుపు రాకపోతే ఈ పని చేస్తాం, అదీ కాకపోతే ఇంకొకటి. నాయిన అంతా విని ఒకటే అడిగాడు. 'నెలకు ముప్పై ఏడు వేలా? సదువుకున్నందుకా?' ఆ తర్వాత ఆయన 'ఇంకెన్నేండ్లు' అని అడగలేదు. ఇంటివాళ్ళకు లెక్క, గడువు చెబితే ఓపిక పడతారు. ఏమీ చెప్పకపోతేనే భయపడతారు.

మాలో ఒకరికి అంత వ్యవధి కూడా లేదు. ఇంటి పరిస్థితి చూసి ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ పనికి చేరాడు. నెలకు పదహారు వేలు, షిఫ్టు డ్యూటీ. మొదట్లో మేము 'వదిలేశాడు' అనుకున్నాం. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాం. హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద మాలో ఎవరికీ లేని చేతిపని అతనికి వచ్చింది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి రెండు గంటలు చదివి మళ్ళీ నెట్ రాశాడు. ఉద్యోగంలో చేరడం ఓడిపోవడం కాదు. అయితే చేరే ముందు ఒక జాగ్రత్త. ఇన్నేళ్ళు మానకూడదనే బాండు కాగితం గాని, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టుకునే షరతు గాని ఉంటే సంతకం పెట్టేముందు పదిసార్లు ఆలోచించండి. ఇంటర్వ్యూ రోజున ఒరిజినల్స్ చేతిలో లేకపోతే ఎంత మార్కులున్నా ప్రయోజనం లేదు.

ల్యాబుల్లో ప్రాజెక్టు అసిస్టెంట్ ఉద్యోగాలు కూడా ఉంటాయి. జీతం ఎక్కువ ఉండదు గాని చేతిపని నేర్పుతాయి. సంస్థల వెబ్‌సైట్లలో వాక్-ఇన్ ప్రకటనలు వారానికోసారి చూడండి.

7. సముద్రం దాటాలనుకుంటే

మన హాస్టల్ గోడ మీద ఫొటో ఉన్న అంబేడ్కర్ గారు 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అప్పుడు ఆయనకు 22 ఏళ్ళు. కాబట్టి అటువైపు చూడడం మనకు తగని పని అనుకోవద్దు.

అమెరికాలో జీవవైద్య పీహెచ్‌డీలకు దరఖాస్తులు చాలావరకు డిసెంబరు మొదటికల్లా పంపాలి. మూడు సిఫారసు లేఖలు కావాలి. పిలుపులు డిసెంబరు, జనవరి నెలల్లో విడతలుగా వస్తాయి. ఇంటర్వ్యూలు జనవరి నుంచి మార్చి దాకా. సీటు వచ్చినవారు సాధారణంగా ఏప్రిల్ 15లోగా ఒప్పుకోవాలి. ఎంపికైతే ట్యూషన్ ఫీజు, నెల భృతి వాళ్ళే చూస్తారు. దరఖాస్తు ఫీజు మాత్రం ఒక్కోదానికి మన ఇంటి నెల ఖర్చంత ఉంటుంది. ఫీజు మాఫీ అడిగితే కొన్నిచోట్ల ఇస్తారు. అడగాలి.

అయితే అక్కడి ప్రభుత్వ శిక్షణ నిధులు కొన్ని అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. అందుకని మన వంటివారికి సీట్లు తక్కువ. 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పరిశోధన నిధుల కోత భయంతో అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాలు సీట్లు తగ్గించాయి. ఇచ్చిన సీట్లు వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి. అంటే అంత దూరాన, అంత పెద్ద చదువుల్లో కూడా ఎదురుచూసేవాడి తప్పు లేకుండానే తలుపు మూసుకోవచ్చు. కాబట్టి ఒక్క తలుపు దగ్గరే నిలబడవద్దు.

8. చివరిగా ఒక పట్టిక

పిలుపు వచ్చాక వెతుక్కుంటే దొరకవు. ముందే ఒక ఫైలులో పెట్టుకోండి.

– పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా మార్కుల పత్రాలు, ఒరిజినల్స్, రెండు జతల నకళ్ళు.
– కుల ధ్రువీకరణ పత్రం. కేంద్ర సంస్థలు తమ నమూనాలో అడిగితే ముందే తీసుకోవాలి. బీసీ తమ్ముళ్ళు నాన్-క్రీమీలేయర్ పత్రం కొత్తది తీసుకోవాలి.
– నెట్ లేదా గేట్ స్కోరు కార్డు.
– ప్రాజెక్టు రిపోర్టు, దాని రెండు పేజీల సారాంశం.
– అన్ని పత్రాల్లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా అని ఒకసారి చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి.
– ప్రయాణం టిక్కెట్లు పారేయవద్దు. కొన్ని సంస్థలు రానుపోను చార్జీలు ఇస్తాయి. పిలుపు లేఖ చివరిదాకా చదవండి.

మెయిల్ రోజుకు రెండుసార్లే చూడండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మేము రోజుకు నలభైసార్లు చూశాం. దానివల్ల మెయిల్ త్వరగా ఏమీ రాలేదు, చదువు మాత్రం పోయింది.

ఇది ముగించే నాటికి మా లెక్క ఇది. ఒకరికి సీటు వచ్చింది, ఆగస్టులో చేరతాడు. కంపెనీలో ఉన్నవాడికి ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. ఒకరికి రెండుచోట్ల రాలేదు, మూడోచోటు కోసం చూస్తున్నాడు. పాత మెయిల్ వల్ల పోగొట్టుకున్నవాడు మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి కొత్త ఐడీతో. బూట్లు మంచం కింద నుంచి తీసి పాలిష్ పెట్టాడు.

తమ్ముళ్ళూ, సాయంత్రం స్టడీ అవర్‌లో గంట కొట్టేదాకా కూర్చోవడం ఈ హాస్టల్ మనకు నేర్పింది. అప్పుడు విసుక్కున్నాం. ఇప్పుడు ఆ కూర్చునే అలవాటే మమ్మల్ని నిలబెడుతోంది. మీలో ఎవరికైనా దరఖాస్తు నింపడంలో గాని, ఇంటర్వ్యూకు సిద్ధం కావడంలో గాని సాయం కావాలంటే వార్డెన్ సార్ దగ్గర మా నంబర్లున్నాయి. రాత్రి తొమ్మిది తర్వాత చేయండి. మాకు చెప్పేవాళ్ళు లేకపోయారు. మీకు మేమున్నాం.

– మీ హాస్టల్ పూర్వ విద్యార్థులు